సంతకం పెట్టని రూకీ మీద మనకెందుకు కోపం?

అందరికీ నమస్కారం అండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైక్ వినపడుతోందా? సరే.

ఇవాళ నేను మాట్లాడేది ఫుట్‌బాల్ గురించే, అంటే అమెరికన్ ఫుట్‌బాల్, కానీ ఆట గురించి కాదు, ఆటలోకి కొత్తగా వచ్చే ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ళ కుర్రాడు కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టను అని ఇంట్లో కూర్చోవడం గురించి. మనం ఉండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, మన ఫుట్‌బాల్ టీమ్ డల్లాస్ కౌబాయ్స్ ఆఫీసూ ప్రాక్టీస్ గ్రౌండూ ఇక్కడే, మన పిల్లలు స్కూల్ టీముల్లో ఆడుతున్నారు, ఆదివారం మనం కూడా టీవీ ముందు కూర్చుంటున్నాం. ప్రతి జూలైలో ట్రైనింగ్ క్యాంపులు మొదలయ్యే టైముకి ఒక న్యూస్ వస్తుంది, ఫలానా రూకీ, అంటే కొత్త ఆటగాడు, ఇంకా సైన్ చెయ్యలేదు క్యాంప్‌కి రాలేదు అని, వెంటనే మన వాట్సాప్ గ్రూపుల్లో ఏమంటారు, ఇంకా ఒక్క గేమ్ ఆడలేదు, అప్పుడే వీడికి అన్ని మిలియన్లు కావాలా, ఎంత అత్యాశ అని. నాకు ఆ మాట చాలా బాధగా ఉంటుంది అండి. ఎందుకంటే ఆ కుర్రాడి చేతిలో ఏముంది ఏం లేదు అన్నది చూడకుండా అనేస్తున్నాం.

ముందు ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చెప్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఎన్ఎఫ్ఎల్ అంటే ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్, అందులో 32 టీములు. ప్రతి ఏప్రిల్‌లో డ్రాఫ్ట్, అంటే టీములు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకోవడం, 7 రౌండ్లు. పోయిన సీజన్‌లో అందరికన్నా కిందున్న టీమ్ ముందు ఎంచుకుంటుంది. మిమ్మల్ని ఒక టీమ్ ఎంచుకుంది అంటే ఇక మిగతా 31 టీములూ మీతో మాట్లాడకూడదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కదా, మీకు ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇస్తే నచ్చకపోతే ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తారు, ఆ రెండో ఆఫర్ చూపించి మొదటి దాన్ని పెంచుకుంటారు. ఈ కుర్రాడికి ఆ రెండో ఆఫర్ అనేదే లేదు. ఊరు కూడా అతని ఇష్టం కాదు, బాస్ అతని ఇష్టం కాదు. అతని చేతిలో ఉన్నది ఒకే ఒక్కటి, సంతకం పెట్టకపోవడం.

పెట్టకపోతే ఏమవుతుంది? టీమ్‌కి ఫైన్ వేసే వీలు లేదు, ఎందుకంటే కాంట్రాక్టే లేదు కదా. కానీ జీతమూ రాదు. సీజన్ పదో వారం దాటాక వచ్చే మంగళవారం లోపల సైన్ చెయ్యకపోతే ఆ ఏడాది ఇక ఆడలేడు, వచ్చే ఏడు మళ్ళీ డ్రాఫ్ట్‌కి వెళ్ళాలి, ఏడాది ఆట లేకుండా, ఒక ఏడాది వయసు మీదపడి. అందుకని చివరిదాకా వెళ్ళినవాళ్ళు చాలా తక్కువ. బో జాక్సన్ వెళ్ళాడు, 1986లో టాంపా బే అతన్ని అందరికన్నా ముందు, నంబర్ వన్‌గా తీసుకుంటే నేను రాను అని కాన్సాస్ సిటీ రాయల్స్‌కి బేస్‌బాల్ ఆడుకున్నాడు, మరుసటి ఏడు రైడర్స్ అనే ఇంకో టీమ్ అతన్ని ఏడో రౌండ్‌లో తీసుకుంది. అంతకుముందు 1983లో జాన్ ఎల్వే కూడా బాల్టిమోర్‌కి ఆడను, యాంకీస్‌కి బేస్‌బాల్ ఆడతా అంటే డెన్వర్‌కి ట్రేడ్ చేశారు. వీళ్ళిద్దరికీ చేతిలో ఇంకో ఆట ఉంది అండి. అది లేనివాడి సంగతి చెప్పండి. 1987లో కెల్లీ స్టౌఫర్ అని క్వార్టర్‌బ్యాక్, అంటే బాల్ విసిరి ఆట నడిపించేవాడు, సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆరో పిక్, అంటే ఆ డ్రాఫ్ట్‌లో ఆరో ఎంపిక, జీతం దగ్గర కుదరక ఏడాదంతా కూర్చున్నాడు, తర్వాత సియాటిల్‌కి పంపారు. ఎంతమందికి గుర్తుంది ఆ పేరు? అసలు 1936లో జరిగిన మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్ జే బెర్‌వాంగర్, ఆయన ప్రొఫెషనల్‌గా ఒక్క గేమ్ కూడా ఆడలేదు, డబ్బు దగ్గర కుదరలేదు, వేరే ఉద్యోగం చూసుకున్నాడు. అంటే ఈ గొడవ డ్రాఫ్ట్ పుట్టిన రోజునే పుట్టింది.

ఇప్పుడు మన డల్లాస్ కుర్రాడి కథ చెప్తాను. మైకేల్ క్రాబ్‌ట్రీ. ఇక్కడే డల్లాస్ కార్టర్ హైస్కూల్, తర్వాత లబ్బక్‌లో టెక్సస్ టెక్. 2008 నవంబర్ 1న యూటీ, అంటే టెక్సస్ యూనివర్సిటీ మీద ఆఖరి ఒక్క సెకను మిగిలి ఉండగా లైన్ దగ్గర బాల్ పట్టుకుని టచ్‌డౌన్ చేశాడే, ఆ అబ్బాయి. కాలేజీలో రెండేళ్ళు ఆడాడు, రెండేళ్ళూ దేశంలో బెస్ట్ రిసీవర్‌కి, అంటే విసిరిన బాల్ పట్టుకునేవాడికి, ఇచ్చే అవార్డు అతనిదే. 2009 డ్రాఫ్ట్‌లో అందరూ మొదటి ఐదులో పోతాడు అనుకుంటే కాలి ఎముకలో చిన్న ఫ్రాక్చర్ అని తేలి కిందకి జారాడు, ఏడో పిక్ దగ్గర రైడర్స్ కూడా అతన్ని వదిలేసి డేరియస్ హేవర్డ్-బే అనే ఇంకో రిసీవర్‌ని తీసుకుంది, స్పీడ్ చూసి. క్రాబ్‌ట్రీ పదో పిక్‌గా శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్ళాడు. హేవర్డ్-బేకి ఐదేళ్ళకి 38 మిలియన్ల పైన, అందులో 23.5 మిలియన్లు గ్యారంటీ, అంటే మధ్యలో తీసేసినా ఇవ్వాల్సిందే. క్రాబ్‌ట్రీ అన్నది ఒక్కటే, నేను అతని కన్నా మంచి రిసీవర్‌ని, అతని కన్నా తక్కువకి ఆడను. టీమ్ ఏమంది, నువ్వు పదో నంబరు, పదో నంబరుకి ఇంతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎవరిది తప్పు? ఆటగాడు పని చూసి డబ్బు అడుగుతున్నాడు, టీమ్ వరస నంబరు చూసి ఇస్తా అంటోంది, ఆ వరస నంబరు ఇంకో టీమ్ చేసిన ఎంపిక వల్ల వచ్చింది, అందులో అతని ప్రమేయమే లేదు. క్యాంప్ అయిపోయింది, ప్రీసీజన్ అయిపోయింది, సీజన్ మొదలై నాలుగు గేములు అయిపోయాయి, అక్టోబర్ 7న సంతకం పెట్టాడు, ఆరేళ్ళకి 32 మిలియన్ల దాకా, గ్యారంటీ 17. అంటే హేవర్డ్-బే లెక్కకి రాలేదు. ఓడిపోయాడు అనొచ్చు. కానీ అక్టోబర్ 25న హ్యూస్టన్ మీద మొదటి గేమ్, క్యాంప్ లేదు ప్రాక్టీస్ సరిగా లేదు, ఐదు క్యాచ్‌లు. ఆ ఏడాది 11 గేముల్లో 48 క్యాచ్‌లు, 625 గజాలు. హేవర్డ్-బే ఆ ఏడాది మొత్తం మీద తొమ్మిది క్యాచ్‌లు. ఎవరు కరెక్టుగా అంచనా వేశారు చెప్పండి, కుర్రాడా, వరస నంబరా?

సరే, నాకు అనుకూలమైనవే చెప్తున్నాను అనుకోకండి, ఇంకో వైపు కథ కూడా చెప్పాలి. జమార్కస్ రస్సెల్. 2007లో నంబర్ వన్, ఎల్ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్, రైడర్స్. క్యాంప్ మొత్తం రాలేదు, సీజన్ మొదటి గేమ్ కూడా అయిపోయాక సెప్టెంబర్‌లో సైన్ చేశాడు, ఆరేళ్ళకి 68 మిలియన్ల దాకా, గ్యారంటీ 30 మిలియన్ల పైనే. మూడు సీజన్లు, స్టార్టర్‌గా 25 గేములు, 7 గెలిచి 18 ఓడారు, 2010 మేలో తీసేశారు. క్వార్టర్‌బ్యాక్‌కి మొదటి క్యాంప్ చాలా ముఖ్యం అండి, అది పోవడం అతనికి నష్టమే, నేను కాదనను. కానీ 2009లో అతను ఆడిన ఆటకి 2007లో పోయిన ఆరు వారాలు కారణం అంటే అది న్యాయం కాదు. అయితే ఓనర్లకి ఒక బొమ్మ దొరికింది. రూకీలకి డబ్బెందుకు అన్నప్పుడల్లా రస్సెల్ ఫోటో చూపించడం. 2008లో జేక్ లాంగ్ అని మయామీ లైన్‌మన్‌కి 30 మిలియన్ల గ్యారంటీ వస్తే కమిషనర్ రోజర్ గుడెల్ పబ్లిక్‌గానే అన్నాడు, ఇది సరికాదు మార్చాలి అని.

మార్చారు. ఎలా మార్చారో వినండి, నాకు అన్నిటికన్నా కష్టం అనిపించేది ఇదే.

2011లో ఓనర్లు మార్చి నుంచి జూలై దాకా లాకౌట్ పెట్టారు, అంటే ఆటగాళ్ళని బిల్డింగ్‌లోకి రానివ్వలేదు. చివరికి ఆటగాళ్ళ యూనియన్‌తో కొత్త ఒప్పందం. అందులో రూకీ స్కేల్ అని పెట్టారు. డ్రాఫ్ట్ అయినవాళ్ళందరికీ నాలుగేళ్ళ కాంట్రాక్ట్, నంబరుని బట్టి మొత్తం దాదాపు ముందే ఫిక్స్, ఫస్ట్ రౌండ్ వాళ్ళకి అయితే ఐదో ఏడాది కూడా ఉంచుకునే హక్కు టీమ్‌ది, మూడు సీజన్లు పూర్తయ్యేదాకా కాంట్రాక్ట్ మార్చమని అడగడానికే లేదు. లెక్క చూడండి. 2010 నంబర్ వన్ శామ్ బ్రాడ్‌ఫర్డ్, ఆరేళ్ళకి 78 మిలియన్లు, 50 గ్యారంటీ. 2011 నంబర్ వన్ క్యామ్ న్యూటన్, నాలుగేళ్ళకి 22 మిలియన్లు. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే, ఇద్దరూ హైస్మన్, అంటే కాలేజీలో బెస్ట్ ఆటగాడి అవార్డు, గెలిచినవాళ్ళే, మధ్యలో తేడా ఒక్క ఏడాది.

ఒప్పుకున్నది ఎవరు? యూనియన్. యూనియన్‌లో ఎవరున్నారు? అప్పటికే లీగ్‌లో ఆడుతున్నవాళ్ళు. న్యూటన్ బ్యాచ్‌కి, ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కి, అప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలకి, ఎవరికీ ఓటు లేదు. గదిలో లేనివాడి జేబులోంచి డబ్బు తీసి ఇవ్వడం అందరికన్నా సులువు కదా. చెప్పిన మాట ఏంటంటే రూకీల దగ్గర మిగిలింది సీనియర్లకి వెళ్తుంది అని. పెద్ద స్టార్లకి వెళ్ళింది, నిజమే. కానీ ఐదారేళ్ళు ఆడిన మామూలు ఆటగాడు, స్టార్ కాదు, చెత్త ప్లేయరూ కాదు, అతనికి ఏమైంది? అతని రేటులో నాలుగో వంతుకి ఒక రూకీ దొరుకుతున్నప్పుడు టీమ్ అతన్ని ఎందుకు ఉంచుకుంటుంది? నా అభిప్రాయం, ఆ ఒప్పందం కొత్తవాడికే కాదు మధ్యవాడికి కూడా దెబ్బే.

టీములకి మాత్రం ఇది లాటరీ. సియాటిల్‌కి రస్సెల్ విల్సన్ 2012లో మూడో రౌండ్‌లో దొరికాడు, ఏడాదికి అర మిలియన్ చిల్లర జీతం మీద 2014 ఫిబ్రవరిలో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిపించాడు. బ్రాక్ పర్డీ 2022 డ్రాఫ్ట్‌లో 262వ పిక్, అంటే ఆఖరివాడు, మిలియన్ కూడా లేని జీతంతో 2024 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోని సూపర్ బౌల్‌కి తీసుకెళ్ళాడు. మూడు సీజన్లు పూర్తి కాకుండా ఒక్క డాలర్ పెంచమని అడగడానికి లేదు, టీమ్ పెంచుదామన్నా రూల్ ఒప్పుకోదు. పర్డీకి 2025లో ఐదేళ్ళకి 265 మిలియన్లు వచ్చాయి, సంతోషం. కానీ ఆ మూడేళ్ళలో మోకాలు పోయి ఉంటే? ఈ ఆటలో సగటు కెరీర్ మూడేళ్ళ చిల్లర అని యూనియన్ చెప్తుంది, లీగ్ ఆ లెక్క ఒప్పుకోదు, ఎక్కువ ఉంటుంది అంటుంది, సరే ఎవరి లెక్క తీసుకున్నా చాలామందికి మొదటి కాంట్రాక్టే ఆఖరి కాంట్రాక్ట్.

ఇది బాగా తెలిసిన ఇల్లు ఒకటుంది. బోసా కుటుంబం. జోయీ బోసా, ఒహాయో స్టేట్, 2016లో మూడో పిక్, అప్పట్లో శాన్ డియేగోలో ఉన్న చార్జర్స్. మొత్తం డబ్బు దగ్గర గొడవ లేదు, అది స్కేల్ ప్రకారం ఫిక్స్, 25.9 మిలియన్లు. మరి దేనికి ఆగస్ట్ 29 దాకా సైన్ చెయ్యలేదు? రెండు విషయాలు. ఒకటి సైనింగ్ బోనస్ 17 మిలియన్లు ఎప్పుడు ఇస్తారు, ఈ ఏడాదే మొత్తమా లేక కొంత వచ్చే ఏడాదికి వాయిదానా. రెండోది ఆఫ్‌సెట్, అంటే రేపు మీరు నన్ను తీసేసి నేను ఇంకో టీమ్‌లో చేరితే అక్కడ వచ్చే జీతాన్ని మీరు ఇవ్వాల్సిన దాంట్లోంచి కోసుకుంటారా అని. బోసా వైపు అన్నది రెండిట్లో ఒకటి వదలండి అని, టీమ్ రెండూ కావాలంది. చివర్లో టీమ్ ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నాం అని ప్రెస్ స్టేట్‌మెంట్ ఇచ్చింది, అంకెలతో సహా, ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడి మీదకి ఊరంతటినీ ఉసిగొల్పినట్టు. తిట్టారు జనం, చాలా తిట్టారు.

వాళ్ళ నాన్న ఎవరో తెలుసా అండి? జాన్ బోసా. 1987లో మయామీ ఫస్ట్ రౌండ్ పిక్, 16వ నంబరు. గాయాలతో మూడు సీజన్లకే అయిపోయింది కెరీర్. ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడికి ఈ డబ్బు ఎప్పుడు వస్తుంది, తీసేస్తే ఎంత వస్తుంది అన్న ప్రశ్న ఎవరూ నేర్పక్కర్లేదు. మనం దాన్ని అత్యాశ అంటున్నాం. జోయీ లేటుగా వచ్చాడు, వచ్చీ రాగానే తొడ కండరం పట్టేసి నాలుగు గేములు పోయాయి, చూశావా సంతకం పెట్టకుండా ఆగిన ఫలితం అన్నారు, మిగతా 12 గేముల్లో 10.5 శాక్‌లు, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని బాల్ విసరకముందే పడగొట్టడం, ఆ ఏడాది డిఫెన్స్‌లో బెస్ట్ రూకీ అవార్డు.

2018లో రోక్వన్ స్మిత్, షికాగో బేర్స్, ఎనిమిదో పిక్. ఆ ఏడాది హెల్మెట్‌తో గుద్దితే శిక్ష అని కొత్త రూల్ వచ్చింది. ఆ రూల్ కింద సస్పెండ్ అయితే నా గ్యారంటీ డబ్బు పోకూడదు అని రాయండి అన్నారు అతని తరఫువాళ్ళు. లైన్‌బ్యాకర్ పనే పరిగెత్తి గుద్దడం, రూల్ ఎలా అమలు చేస్తారో ఎవరికీ తెలీదు. అది కూడా ఆగస్ట్ మధ్య దాకా సాగింది.

అంటే చూడండి, 2011 తర్వాత కొట్లాట ఎంత అన్న దాని నుంచి, ఇస్తానన్నది నిజంగా ఇస్తావా అన్న దానికి మారింది. అదే 2025లో పెద్దదైంది. ఫస్ట్ రౌండ్ వాళ్ళకి నాలుగేళ్ళూ గ్యారంటీ ఉండటం అప్పటికి మామూలైపోయింది, సెకండ్ రౌండ్ వాళ్ళకి ఎవరికీ పూర్తిగా లేదు. ఆ మేలో మన హ్యూస్టన్ టెక్సన్స్ తమ సెకండ్ రౌండ్ పిక్, 34వ నంబరు, జేడెన్ హిగిన్స్ అనే రిసీవర్‌కి మొత్తం గ్యారంటీ ఇచ్చేసింది. చరిత్రలో మొదటిసారి. వెంటనే క్లీవ్‌లాండ్ 33వ పిక్ కార్సన్ ష్వెసింగర్‌కి ఇవ్వక తప్పలేదు, 34కి ఇచ్చి 33కి ఇవ్వకపోతే ఎలా. మరి 35? 36? మిగతా 30 మంది, ఒక్కరు కూడా సైన్ చెయ్యలేదు. జూలై వచ్చింది, చార్జర్స్ క్యాంప్ ముందు మొదలైంది, వాళ్ళ సెకండ్ రౌండ్ రిసీవర్ ట్రే హ్యారిస్ రాలేదు. తర్వాత న్యూ ఆర్లీన్స్ 40వ పిక్ క్వార్టర్‌బ్యాక్ టైలర్ షఫ్‌కి పూర్తి గ్యారంటీ ఇచ్చింది, అక్కడితో ముడి విడింది, ఒక్కొక్కరూ సైన్ చేశారు, ముందువాళ్ళకి పూర్తిగా, కిందికి వెళ్ళేకొద్దీ కొంత కొంత. నాకు ఇది చాలా గొప్ప విషయంగా అనిపిస్తుంది. ఎవరూ స్ట్రైక్ అనలేదు, మీటింగ్ పెట్టలేదు, ఒకరినొకరు తెలియని ముప్ఫై మంది పిల్లలు తొందరపడకుండా ఆగారు, తర్వాత వచ్చేవాళ్ళకి కూడా అదే మొదలు అయింది.

అదే వేసవిలో షెమార్ స్టూవర్ట్, టెక్సస్ ఏ అండ్ ఎం, సిన్సినాటీ బెంగాల్స్ 17వ పిక్. అతనికి డబ్బు మొత్తం గ్యారంటీనే. కానీ టీమ్ ఒక కొత్త వాక్యం పెట్టింది, ఒక ఏడాది ఏదైనా తప్పు జరిగితే మిగతా ఏళ్ళ గ్యారంటీలు కూడా పోతాయి అని. ఆ వాక్యం అంతకుముందు వాళ్ళు తీసుకున్నవాళ్ళ కాంట్రాక్టుల్లో లేదు. మీ దగ్గరే పోయినేడు చేరినవాడికి లేనిది నాకెందుకు అన్నాడు. గేములు గెలవడం కన్నా వాదన గెలవడమే మీకు ముఖ్యమా అని మీడియా ముందే అడిగాడు. జూలై ఆఖర్లో తేలింది. ఇందులో అత్యాశ ఎక్కడుంది అండి? ఇల్లు కొనేటప్పుడు అరవై పేజీల కాగితాల్లో ఒక్క లైను తేడాగా ఉంటే మనం సంతకం పెడతామా?

కోచ్‌ల బాధ కూడా నాకు అర్థమవుతుంది. క్యాంప్‌లో తొంభై మంది ఉంటారు, ప్లేబుక్ పెద్దది, రానివాడికి ఆడే అవకాశాలు పోతాయి, పక్కవాడు ముందుకెళ్తాడు. ఒళ్ళు ఆ దెబ్బలకి అలవాటు కాకపోతే గాయం అయ్యే ప్రమాదం కూడా ఎక్కువ. అందుకే మన పిల్లలెవరైనా ఆ స్థాయికి వెళ్తే ఊరికే పంతానికి ఆగమని నేను చెప్పను. ఏజెంట్ తన పేరు కోసం ఆపుతున్నాడా, మీ కోసం ఆపుతున్నాడా అన్నది కూడా చూసుకోవాలి, రెండూ జరుగుతాయి.

ఇక ప్రశ్నలు ఉంటే తీసుకుంటాను. అన్నా మీరు చెయ్యెత్తారు.

(ఐపీఎల్‌లో ఇలాంటి గొడవలు ఎందుకు రావు అని ప్రశ్న.)

మంచి ప్రశ్న అన్నా. అక్కడ వేలంలో పది టీములు ఒకేసారి పాట పాడతాయి, సుత్తి పడ్డ రేటే రేటు, కనీసం రేటు దగ్గర పోటీ ఉంది. ఇక్కడ ఆ పోటీయే లేదు. కానీ అక్కడ ఇంకో రకం కట్టడి ఉంది, వేలంలో అమ్ముడయ్యాక విదేశీ ఆటగాడు సరైన కారణం లేకుండా తప్పుకుంటే రెండేళ్ళు బ్యాన్, 2025లో హ్యారీ బ్రూక్ డిల్లీకి రాను అన్నందుకు అదే జరిగింది. పైగా మన దగ్గర ఇప్పుడు ఆడుతున్నవాళ్ళకి యూనియనే లేదు. ఇక్కడ యూనియన్ ఉంది, కొత్తవాడిని పట్టించుకోలేదు, అది వేరే బాధ.

అక్కా, మీరు.

(కౌబాయ్స్ మైకా పార్సన్స్‌ని పంపేయడం కూడా ఇలాంటిదేనా అని ప్రశ్న.)

అతను రూకీ కాదు కానీ మూలం ఇక్కడే ఉంది అక్కా. 2021లో 12వ పిక్, నాలుగేళ్ళకి సుమారు 17 మిలియన్లు, ఆ నాలుగేళ్ళూ దేశంలోనే బెస్ట్ డిఫెండర్లలో ఒకడిగా ఆడాడు. ఐదో ఏడాదికి టీమ్ హక్కు వాడుకుంది, 24 మిలియన్లు. అంటే తన విలువకి తగ్గ డబ్బు గురించి గట్టిగా మాట్లాడే మొదటి అవకాశం వచ్చేసరికే నాలుగేళ్ళు ఒళ్ళు అరిగిపోయింది. కాంట్రాక్ట్ ఉన్నవాడు క్యాంప్ ఎగ్గొడితే రోజుకి 50,000 డాలర్ల దాకా ఫైన్, అందుకే వచ్చి కూర్చున్నాడు, ప్రాక్టీస్ చెయ్యలేదు. 2025 ఆగస్ట్ 28న గ్రీన్ బేకి పంపేశారు, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లూ కెన్నీ క్లార్క్ అనే వాళ్ళ డిఫెండరూ వచ్చారు మనకి, అక్కడ అతనికి నాలుగేళ్ళకి 188 మిలియన్లు. నేనైతే ఇచ్చి ఉంచుకోవాల్సింది అంటాను. 1993లో ఎమిట్ స్మిత్ డబ్బు దగ్గర ఆగితే మొదటి రెండు గేములూ ఓడిపోయి అప్పుడు ఇచ్చారు ఇదే కౌబాయ్స్, ఆ ఏడాది సూపర్ బౌల్ గెలిచారు.

ఇప్పటి ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది, రూకీ స్కేల్ మీద మళ్ళీ మాట్లాడాలంటే అప్పుడే, ఇప్పుడు ఏడో క్లాసు ఎనిమిదో క్లాసు ఆడుతున్న పిల్లలు ఆ ఒప్పందం కింద పడతారు. హాల్ ఇవ్వాలి అంటున్నారు, తర్వాత డాన్స్ క్లాస్ ఉందట, మిగిలిన ప్రశ్నలు బయట పార్కింగ్ దగ్గర మాట్లాడుకుందాం రండి.